ఇంటి మీదకి విసిరిన పన్ను

దోసకాయలపల్లి,
11 మార్చి 2025

చిరంజీవి సుప్రియకి మేనత్త దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేను, నీ కూతురు, గేదె. గేదె నిన్న పాలు ఎగ్గొట్టింది, దాని సంగతి తర్వాత రాస్తాను. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయేంటని ఆలోచించకు. ఇది దుర్గ స్కూలు పెన్ను. మూడో క్లాసు పిల్లల చేతికి తప్ప లొంగదు.

నిన్న ఏకాదశి కదా, కోరుకొండ తీర్థం. కొండెక్కుదాం అమ్మమ్మా అని పది రోజులుగా నీ కూతురు నా ప్రాణం తోడేసింది. సరే, పొద్దున్నే బయల్దేరాం. ఎక్కడం బాగానే ఎక్కాం. స్వామి దర్శనం కూడా తొందరగానే అయింది. దిగేటప్పుడు దుర్గ కాస్త జారింది. ముందు పన్ను కదిలింది. తీర్థం డ్యూటీలో మన ఊరి నర్సమ్మ దేవకుమారి అక్కడే ఉండబట్టి సరిపోయింది. ఆటో అబ్రహాముని పిలిచి రాజమండ్రి తీసుకెళ్లాం. పళ్ల డాక్టరు గణేష్‌బాబు గారు చూసి, సన్నటి తీగ వేసి పక్క పళ్లకి కలిపి కట్టారు. రెండు వారాల్లో తీసేస్తారట. పెదవి కొంచెం వాచింది. అంతే సంగతి.

గోరంతది కొండంత చేసుకుని అక్కడ పరేడు పాడుచేసుకోకు. మీ ఆయన పోయిన నాలుగేళ్లకి దేవుడు కళ్లు తెరిచి ఇచ్చిన ఉద్యోగం. పోలీసమ్మ అయ్యాకే ఈ గుమ్మం తొక్కు.

గేదె సంగతి ఏంటంటే, దూడ తాడు తెంపుకుని ముందే తాగేసింది. మొక్కజొన్న కండె పట్టింది. ఫోనులో చెబుదామంటే నా చెవుల్లో తుమ్మెద రొద తప్ప మాట వినపడదని నీకు తెలుసు కదా. ఆదివారం దుర్గతో మాట్లాడుకో.

నీ అత్తయ్య,
రత్నమాణిక్యం


అనంతపురం,
16 మార్చి 2025, ఆదివారం సాయంత్రం

అత్తయ్య గారికి నమస్కారం.

మీ ఉత్తరం నిన్న అందింది. పన్ను కదిలిందని రాశారు. ఇవాళ ఫోను చేతికిచ్చిన పది నిమిషాల్లో దుర్గ నాతో ఏమందో తెలుసా అండి? "అమ్మా, పన్ను పేడలో చుట్టి ఇంటి మీదకి విసిరేశాం! నేనే విసిరా! పెంకు మీద టక్‌మని పడింది!" అంది. తిరణాలలో రంగులరాట్నం ఎక్కినంత సంబరంగా చెప్పింది. "ఏ పన్నే? ముందు పన్నా? ఊడిపోయిందా?" అని నేను అరుస్తున్నాను. "అమ్మమ్మ చెప్పొద్దంది, ఒట్టేశా" అని ఫోను పెట్టేసింది.

కదిలిన పన్నుకి తీగ కట్టారంటే అర్థముంది. ఇంటి మీదకి విసిరారంటే పన్ను ఊడినట్టే కదా? ఊడిపోయి విసిరేస్తే ఇక తీగ దేనికి కట్టినట్టు? పొద్దుటి నుంచి బుర్ర పగిలిపోతోంది. ఎలా కలిపి చూసినా కలవడం లేదు.

మీరేమనుకున్నారో నాకు తెలుసు. పాలపన్నే కదా, ఊడితే ఊడింది, ఇంటి మీదకి విసిరితే కొత్తది వస్తుంది అనుకున్నారు. అది పాలపన్ను కాదు అత్తయ్య గారూ. పాలపన్ను ఊడి, దాని చోట అసలు పన్ను వచ్చి ఏడాది దాటింది. ఇది పోతే ఇంకోటి రాదు.

గురువారమే మా డేనియల్ సారు ప్రథమ చికిత్స క్లాసులో చెప్పారు. పాలపన్ను ఊడితే మళ్లీ పెట్టకూడదట, కింద పెరుగుతున్న పన్ను దెబ్బ తింటుంది. అసలు పన్ను మాత్రం వేరుతో సహా ఊడినా బతుకుతుందట. తెల్లగా ఉండే పైభాగమే పట్టుకోవాలి, వేరు ముట్టుకోకూడదు, రుద్ది కడగకూడదు. కుదిరితే అక్కడికక్కడే దాని గుంటలో పెట్టేయాలి. కుదరకపోతే పాలలో వేసి గంటలోపు డాక్టరు దగ్గరుండాలి. నేను ఇదంతా నోట్సు రాసుకుంటున్నాను. అప్పటికి మూడు రోజుల ముందే నా బిడ్డ పన్ను పేడలో చుట్టేశారు.

కదిలిందని అబద్ధం ఎందుకు రాశారండి? అదే నాకు బాధ. లీవు అర్జీ రాసి దిండు కింద పెట్టుకున్నాను. ఇప్పుడు వెళితే ఈ బ్యాచ్ నుంచి పేరు తీసేస్తారు. మళ్లీ పిలుస్తారో లేదో ఎవరూ చెప్పలేరు. అయినా సరే, పిల్ల మీ దగ్గర ఎలా ఉందో తెలియకుండా నేనిక్కడ లెఫ్ట్ రైట్ కొట్టలేను. మీ జవాబు చూసి అర్జీ ఇస్తాను.

మా గదిలో ఒకమ్మాయి రెండో ఫోను దాచి ఇందాకే దొరికిపోయింది. నెలాఖరు దాకా ఎవరికీ ఫోను లేదు. స్పీడుపోస్టులో రాయండి.

సుప్రియ


దోసకాయలపల్లి,
17 మార్చి 2025

చిరంజీవి సుప్రియకి,

నిన్న దుర్గతో మాట్లాడావట. ఏం మాట్లాడావే అంటే "ఏం లేదు" అని గేదె దగ్గరకి పారిపోయింది. దాని నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది ఏమీ చెప్పలేదంటే నేను నమ్మాలా?

దాని తిండి గురించి రాస్తాను. డాక్టరు గారు మెత్తటివే పెట్టమన్నారు. పొద్దున్న ఇడ్లీ పాలలో నానబెట్టి, మధ్యాహ్నం పప్పన్నం మెత్తగా పిసికి పెడుతున్నాను. జామకాయ, చెరకు, జంతికలు, ఆఖరికి పెన్సిలు కొరకడం కూడా బందు. మెత్తని బ్రష్షు, పుక్కిలించే మందు, ఐదు రోజులకి మాత్రలు ఇచ్చారు. దెబ్బకి మట్టి అంటింది కాబట్టి ధనుర్వాతం ఇంజెక్షన్ కూడా వేశారు. ఇద్దరం పప్పన్నం మీదే బతుకుతున్నాం. ఈ ఏడు ఆవకాయ ముక్కలు చిన్నవిగా కొట్టించాలి.

నాలికతో తీగని తడుముతోంది. వద్దంటే వినదు. స్కూల్లో తీగ చూపించడానికి పిల్లలకి తలో నిమిషం టైమిచ్చిందట. తల్లి పోలీసైతే కూతురు అప్పుడే డ్యూటీలు వేస్తోంది.

డాక్టరు గారు చాలా మంచివారు. ఎక్స్‌రే తీసి నాకు కూడా చూపించారు. వేరు కొస ఇంకా పూర్తిగా మూసుకోలేదు, అది మంచిదే అన్నారు. ఆ రోజు చూడగానే

(ఇక్కడ ఒక లైను కొట్టేశాను. పట్టించుకోకు. పెన్ను కక్కింది.)

తీగ 24న తీస్తారు. దూడని వేరే గుంజకి కట్టాను.

నీ అత్తయ్య


అనంతపురం,
21 మార్చి 2025

అత్తయ్య గారికి,

మీ 17 నాటి ఉత్తరం ఇవాళ వచ్చింది. నేను 16న రాసింది చూడకముందు రాసినట్టున్నారు. దాని సంగతి అలా ఉంచుదాం.

మీరు కొట్టేసిన లైను కిటికీ దగ్గర వెలుతురుకి పట్టుకుని చదివాను. మా ట్రైనింగులో ఇలాంటివి కూడా నేర్పుతారు. "బొండంలో రెండు పళ్లు ఉన్నాయేంటి అని" అని ఉంది. బొండమేంటి? రెండు పళ్లేంటి?

మొదట ఒక పన్ను కదిలిందన్నారు. దుర్గ ఒక పన్ను విసిరానంది. ఇప్పుడు చూస్తే రెండు ఊడాయి! అంటే ఒకటి అతికించి తీగ కట్టి, రెండోది పనికిరాదని విసిరేశారా? ఒకవేళ రెండోది పక్కనున్న పాలపన్నా? ఎనిమిదేళ్ల పిల్ల నోట్లో రెండు రకాలూ ఉంటాయట, డేనియల్ సారుని అడిగాను. "ఏ పన్నో తెలియకుండా నేనేం చెప్పనమ్మా" అన్నారు. పాలలోనో, పేషెంటు ఉమ్ములోనో వేయాలని పుస్తకంలో ఉంది కానీ బొండం సంగతి ఆయనకీ తెలియదు. నీళ్లలో వేస్తే చెడిపోతుందన్నారు. బొండంలో ఉన్నవీ నీళ్లేగా?

నాకు ఇంక మాటలొద్దు. దుర్గని వెలుతురులో కూర్చోబెట్టి, పై వరసలో ఎన్ని పళ్లున్నాయో, ఎక్కడ ఖాళీ ఉందో బొమ్మ గీయించి పంపండి. దాన్నే గీయమనండి, అద్దంలో చూసి. మీరు గీయొద్దు.

అర్జీ ఇంకా దిండు కిందే ఉంది. దాని మీద తల పెట్టి పడుకుంటే నిద్ర రావడం లేదు.

సుప్రియ


దోసకాయలపల్లి,
21 మార్చి 2025

సుప్రియా,

16న రాసిన ఉత్తరం నిన్న అందింది. నాలుగుసార్లు చదివాను. నువ్వు పట్టిన తప్పులన్నీ సరే, నన్ను "మీరు" అన్నావు. తల్లి పోయిన మూడేళ్ల పిల్లవి నా ఒళ్లోకి వచ్చినప్పటి నుంచి నన్ను "నువ్వు" అనే అన్నావు. జ్వరం వచ్చినా, నీ పెళ్లికి నేను అరిచి గీపెట్టినా "నువ్వు" పోలేదు. ఈ "అండి" ఎక్కడ నేర్చుకున్నావు? పోలీసు ట్రైనింగులో ముద్దాయిల్ని అలాగే పిలుస్తారా?

నిజమే, కదిలిందని అబద్ధం రాశాను. ఊడింది. వేరుతో సహా మెట్టు మీద పడింది. నేను తీసి కొంగుతో తుడవబోతే దేవకుమారి నా చెయ్యి మీద ఫట్‌మని కొట్టింది. "వేరు ముట్టుకోకండి మామ్మగారూ!" అని అరిచింది. తెల్లటి వైపు పట్టుకుని తీసింది. నోట్లో పెట్టి చూద్దామంటే నీ కూతురు తలుపు గడియ పెట్టినట్టు నోరు బిగించేసింది. ఏడుపు, రక్తం, చుట్టూ తీర్థం జనం. పాలకి ఎక్కడికి పోతాం? మెట్ల కింద బొండాలవాడు ఉన్నాడు. దేవకుమారి ఒక బొండం కొట్టించి, అందులో వేసి, ఒలికిపోకుండా రెండు చేతులా పట్టుకుని ఆటో ఎక్కింది. జనంలోంచి బయటపడేసరికి పావుగంట. మొత్తం యాభై నిమిషాల్లో డాక్టరు దగ్గర ఉన్నాం. లేత బొండం నీళ్లు మామూలు నీళ్ల లాంటివి కావు, పాలు దొరకని చోట పనికొస్తాయి, మంచి పని చేశావమ్మా అని డాక్టరు గారు దేవకుమారిని మెచ్చుకున్నారు. మత్తు ఇచ్చి, సెలైనుతో కడిగి, పన్నుని దాని గుంటలో పెట్టారు. అది పెట్టేటప్పుడు దుర్గ నా ఒళ్లోనే ఉంది. నా చెయ్యి కొరికింది. ఇవన్నీ ముందే రాస్తే నువ్వు పరుగెత్తుకొస్తావని రాయలేదు. అదొక్కటే అబద్ధం.

నీ కూతురి పన్ను నీ కూతురి నోట్లోనే ఉంది. ఇంటి మీదకి విసిరిన మాట కూడా నిజమే. విసిరింది ఇంక పనికిరాని పన్ను. అంతకు మించి అడక్కు.

అర్జీ గిర్జీ ఇచ్చావంటే ఈ జన్మలో నీతో మాట్లాడను.

అత్తయ్య గారు కాదు, అత్తయ్య


దోసకాయలపల్లి,
26 మార్చి 2025

సుప్రియకి,

బొమ్మ గీసి పంపమన్నావు. పంపుతున్నాను. దుర్గ అరుగు మీద కూర్చుని గంట సేపు గీసింది. మడిచి, అన్నం మెతుకులతో అంటించేసింది. నన్ను చూడనివ్వలేదు. "అమ్మకి మాత్రమే" అంది. విప్పి చూడటం నా మర్యాద కాదు. చూడాలని మాత్రం ఉంది.

మొన్న సోమవారం తీగ తీశారు. డాక్టరు గారు వేలితో కదిపి చూసి "గట్టిగా పట్టుకుందమ్మా" అన్నారు. నాకు ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. వయసులో చిన్నవాడు కాబట్టి ఊరుకున్నాను. కానీ అయిపోలేదట. ఏడాది పాటు కనిపెట్టుకుని ఉండాలి. రంగు నల్లబడినా, చిగురు మీద కురుపు లేచినా, మళ్లీ కదిలినా ఆలస్యం చేయకుండా తీసుకురమ్మన్నారు. నెలనెలా నేను తీసుకెళ్తాను. నువ్వు తీసుకెళ్లనిస్తేనే అనుకో.

రెండు పళ్ల గురించి అడిగావు. దుర్గ పై వరసలో ఒక్క పన్ను కూడా తక్కువ లేదు. నేనే లెక్కపెట్టాను. ఇంతకన్నా నన్ను ప్రశ్నలడగొద్దు.

ఉగాదికి కొత్త చింతపండు తెచ్చాను. వేపచెట్టుకి పువ్వు బాగా పట్టింది.

అత్తయ్య


అనంతపురం,
31 మార్చి 2025

అత్తయ్యా,

బొమ్మ ఇవాళే అందింది. నాకేమీ అర్థం కాలేదని ముందు రాయబోయాను. కూర్చుని ఇంకోసారి చూశాను. ఇప్పుడు అన్నీ అర్థమైపోయాయని భయమేస్తోంది.

దుర్గని దాని నోరు గీయమన్నాను. అది ఒక మొహం గీసింది. ఆ మొహానికి కళ్లజోడు ఉంది. వెనక ముడి ఉంది. ముక్కుకి రెండు వైపులా బేసరి ఉంది. నోరు ఇంత పెద్దగా తెరిచి, పై వరసలో నడిమధ్య ఒక గడి నల్లగా నింపేసింది. ఎంత గట్టిగా రుద్దిందంటే కాగితం చిరిగింది. కుడి చేతికి తెల్లటి కట్టు. కింద రాసింది: "చెప్పనని ఒట్టేశా. గీయనని వేయలేదు."

ఆ కళ్లజోడు ఎవరిదో నాకు తెలియదా?

నీ మొదటి ఉత్తరంలో అక్షరాలు వంకర పోయింది పెన్ను వల్ల కాదు. ఆవకాయ ముక్కలు చిన్నవిగా కొట్టించేది దుర్గ కోసం కాదు. ఇద్దరూ పప్పన్నం తింటున్నారంటే, పిల్లకి తోడుగా నువ్వూ తింటున్నావనుకున్నాను. పదిహేను రోజులుగా నేను పళ్లు లెక్కపెడుతున్నాను కానీ మనుషుల్ని లెక్కపెట్టలేదు. బొండంలో రెండు పళ్లు ఇద్దరు మనుషులవి అయ్యుంటాయని నా పోలీసు బుర్రకి తట్టనే లేదు.

నిన్ను "మీరు" అన్నందుకు సిగ్గుగా ఉంది. తిట్టు, పడతాను. కానీ ముందు చెప్పు. అక్కడ ఏం జరిగింది? అంతా చెప్పు. దుర్గ మీద ఒట్టు.

నీ సుప్రియ


దోసకాయలపల్లి,
5 ఏప్రిల్ 2025

అమ్మాయీ,

పిల్ల మీద ఒట్టు పెట్టకూడదని నీకు చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పాను! పెట్టావు కాబట్టి రాస్తున్నాను.

దుర్గ జారలేదు. జారింది నేను.

దిగేటప్పుడు దాని చెయ్యి నా చేతిలో ఉంది. ఎండకి మెట్లు కాలిపోతున్నాయి, అరికాళ్లు ఆనడం లేదు. ఎవరో కొబ్బరికాయ కొట్టిన తడి మీద కాలేశాను. అంతే, కాలు నాది కాదు. నాలుగు మెట్లు పోయాను. పోతున్నప్పుడు వదిలేయాల్సింది. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఆ క్షణంలో నాకు తెలిసిందొక్కటే, పిల్ల చెయ్యి వదలకూడదు. నిన్ను నాకు అప్పగించినప్పుడు మీ నాన్న "అక్కా, కాలవ దాటేటప్పుడు దీని చెయ్యి వదలకే" అన్నాడు. ఇరవై ఆరేళ్లుగా ఆ మాట వేళ్లలో ఉండిపోయింది. ఆ రోజు వదిలేసి ఉంటే నేనొక్కదాన్నే పడేదాన్ని. దాని పన్ను దానికి ఉండేది. నేను పట్టుకోబట్టే పడింది. ఈ మాట నీకు రాయలేకే అన్ని అబద్ధాలు రాశాను.

మెట్టు అంచు ఇద్దరి నోటికీ తగిలింది. దేవకుమారి కంగారులో కనబడిన పళ్లు రెండూ ఏరి ఒకే బొండంలో వేసింది. డాక్టరు గారు బొండం గిన్నెలోకి వంచి "రెండు పళ్లు ఉన్నాయేంటి? పాపకి ఊడింది ఒకటే కదా?" అన్నారు. అరిగిపోయి, వక్క కర పట్టి ఉన్న నా పన్ను పక్కన దాని పన్ను మల్లెమొగ్గలా ఉంది. "ఇది పెద్దవాళ్లది. ఎవరిదండీ?" అన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. "తెలీదండీ, తీర్థం కదా, ఎవరిదో కలిసిపోయి ఉంటుంది" అన్నాను. నాది అంటే ముందు నన్ను కుర్చీలో కూర్చోమంటారేమో, దుర్గకి ఆలస్యమైపోతుందేమో అని భయం. దుర్గ నా ఒళ్లో తప్ప ఎవరి దగ్గరా నోరు తెరవడం లేదు. నేను పంటి బిగువున కూర్చున్నాను అని రాద్దామంటే ఆ పన్నే లేదు.

దాని పని అంతా అయ్యాక కొంగు తీయమన్నారు. నోరు తెరిపించి లైటు వేసి చూశారు. "ఇందాకే చెప్పుంటే పక్క గదిలో ఇంకో డాక్టరు ఉన్నారు కదమ్మా, ఆయన చూసేవారు. ఇప్పుడు టైము మించిపోయింది" అన్నారు. తిట్టినట్టు లేదు. దానికే నాకు ఏడుపొచ్చింది. మణికట్టుకి కట్టు కట్టించి, నా పన్ను కాగితంలో చుట్టి ఇచ్చారు.

ఇంటికొచ్చి పెంటలో పారేయబోతుంటే దుర్గ లాక్కుంది. "అలా పారేస్తే కొత్తది రాదు అమ్మమ్మా" అంది. పక్కింటికి పోయి ఆవుపేడ తెచ్చి, చుట్టి, నన్ను వాకిట్లో నిలబెట్టి అదే విసిరింది. దాని పెదవి అప్పటికి వంకాయంత ఉంది. నాకు వయసైపోయిందే, నాకు రాదే అంటే వినలేదు. రోజూ పొద్దున్న లేవగానే నా గడ్డం పట్టుకుని "ఆ అను అమ్మమ్మా" అంటుంది. లోపలికి చూసి "ఇవాళ కూడా రాలేదు" అని తనే ముఖం వేలాడేసుకుని పళ్లు తోముకోవడానికి పోతుంది. ఇంక రాదని నేనెలా చెప్పను?

అరవై ఏడేళ్ల దానిని. మెట్ల మీద కాలు నిలవని దానిని. ఇది తెలిస్తే పిల్లని నా దగ్గర ఉంచవని, ఉద్యోగం వదులుకుని వచ్చేస్తావని దాచాను. ఇప్పుడు తెలిసింది. నీ ఇష్టం. అర్జీ ఇస్తానంటే ఆపే ముఖం నాకు లేదు.

అత్తయ్య


అనంతపురం,
15 ఏప్రిల్ 2025

అత్తయ్యా,

నీ ఉత్తరం చదివి బాత్రూములోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను. ఇక్కడ ఏడిస్తే గ్రౌండు చుట్టూ పరుగెత్తిస్తారు.

మొన్న ఆదివారం ఫోనులు ఇచ్చారు. దుర్గతో మాట్లాడాను. "మెట్ల మీద అమ్మమ్మ నీ చెయ్యి వదిలేసి ఉంటే బాగుండేదా?" అని అడిగాను. "అప్పుడు అమ్మమ్మ ఒక్కతే పడేది కదమ్మా, పాపం" అంది. నేనైనా వదిలేదాన్ని కాదు అత్తయ్యా. కాలవ దాటించినప్పుడు నువ్వు నా చెయ్యి ఎలా పట్టుకునేదానివో నాకు ఇంకా గుర్తుంది. నొప్పి పుట్టేది. అయినా ఒక్కసారి కూడా వదలమని అనలేదు.

నాకు కోపం వచ్చిందల్లా ఒక్కదానికే. దాని పన్ను కోసం నీ పన్ను పోగొట్టుకున్నందుకు కాదు, అది నాకు చెప్పకుండా నెల రోజులు కుడిచేతి నొప్పితో ఉత్తరాలు రాసినందుకు.

ఇప్పుడు ఆర్డరు వేస్తున్నాను. ఈ నెల 26, శనివారం అబ్రహాము ఆటోలో దుర్గని చూపించడానికి వెళ్లినప్పుడు, ఆ కుర్చీలో నువ్వు కూడా కూర్చో. కట్టుడు పన్ను పెట్టించుకో. ఈసారి దుర్గ నీ చెయ్యి పట్టుకుని కూర్చుంటుందట. మాటిచ్చింది. కొరకొద్దని దానికి చెప్పాను, నీకూ చెబుతున్నాను. కట్టుడు పన్ను పెట్టాక, మర్నాడు పొద్దున్న "ఆ" అన్నప్పుడు అది చూసి ఏమంటుందో నాకు రాయి. ఇంటి మీదకి విసిరినందుకే వచ్చిందంటే కాదని చెప్పకు.

దాని పన్ను రంగు రోజూ చూస్తూ ఉండు. చూసేది నువ్వే. సెప్టెంబరులో మా పాసింగ్ అవుట్ పరేడుకి ఇద్దరూ రావాలి. ఇక్కడ మెట్లు లేవు.

కాగితం ఇలా మందంగా ఉందేంటని అనుకుంటున్నావా? తిప్పి చూడు. అటు వైపు "గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి" అని ఉంటుంది. మంచి కాగితం, పారేయడానికి మనసొప్పక ఖాళీ వైపు నీకు రాశాను. చదివాక పొయ్యిలో పెట్టేయి.

నీ సుప్రియ